సెప్టెంబరు పండ్లు

"ఇదేమిటో చూడండి, నరహరి గారూ."

హాలిఫాక్స్‌లోని నా మొక్కల నర్సరీ బల్ల మీద వసుంధర గారు గిన్నె పెట్టారు. ఉప్పునీళ్లలో వేసిన రాస్ప్‌బెర్రీ పండ్లలోంచి తెల్లటి పురుగులు బయటికొచ్చి మెలికలు తిరుగుతున్నాయి.

"కోడిగుడ్డు కూడా ముట్టని ఇల్లు మాది. రెండేళ్లుగా ఇవే దేవుడికి పెట్టి తిన్నాం."

"అది సెప్టెంబరులో కాసే రకమండీ. అప్పటికి సన్న ఈగలు ముసిరి పండులో గుడ్లు పెడతాయి. జూలై రకం వేసుకోండి, ఈగలు పెరిగేలోపే కాపు అయిపోతుంది."

"మరి మీ దగ్గర మొక్కలు కొన్నప్పుడే చెప్పొచ్చుగా?"

అప్పట్లో నా దగ్గర జూలై రకం అయిపోయింది. వచ్చిన బేరాన్ని పక్క కొట్టుకు పంపితే నష్టం. అబద్ధానికి ఖర్చు లేదు.

"అప్పుడు నాకూ తెలీదండీ."

ఆమె నమ్మారు. రెండు జూలై మొక్కలు ఎంచి చేతిలోకి తీసుకున్నారు. గుమ్మం దగ్గర ఆగారు.

"ఏటా మీకూ ఒక డబ్బా పండ్లు తెచ్చిచ్చాను. పాపం, మీరూ తిన్నారా?"

ఆమె కారు మలుపు తిరగగానే ఆ డబ్బాలను చెత్తలో వేసేవాణ్ణి. తిన్నానంటే సరిపోయేది. గిన్నెలో పురుగు కదిలింది. గిన్నెను నాకు దూరంగా నెట్టాను.

ఆమె నా ముఖం చూశారు. మొక్కలు రెండూ గుమ్మంలోనే దించి, గిన్నె నాకు వదిలేసి వెళ్లిపోయారు.