కాజాల పిల్ల

"ఆగవే! ఆ కత్తెర కింద పెట్టు!" అమ్మమ్మ కేకకి కొట్టంతా ఉలిక్కిపడింది.

చంటి పెట్టలేదు. 'నువ్వే కుట్టాలి' అని వాడుక బేరం నర్సమ్మ తనకిచ్చి వెళ్ళిన కోటు గుడ్డని బల్ల మీద పరిచి, సుద్దగీత వెంబడి కరకరా కత్తిరించేసింది. ఆ కుట్టు దుకాణంలో కొలతలు తాతమ్మవి, కత్తెర అమ్మమ్మది, మిషను అమ్మది. ఇంటికి చిన్నది గనక చంటికి మిగిలినవి కాజాలూ బొత్తాలూ. ఎంత నీటుగా కుట్టినా, పిల్ల చేతికి కత్తెర ఇచ్చిన పాపాన ఎవరూ పోలేదు.

"నీకేం తొందరే? మేం తప్పుకున్నాక అంతా నీదేగా," అమ్మ బుజ్జగించింది.

"తప్పుకునేదెప్పుడు? ఏటా ఇంటిల్లిపాదినీ బయల్దేరదీసి ఆయుష్షు పెంచే సూదులు వేయించుకొస్తున్నారాయె!"

అమ్మమ్మకి ఒళ్ళు మండింది. "సలహాదారునే అడుగుదాం" అంటూ గోడకున్న కృత్రిమ మేధ పెట్టె వైపు తిరిగింది. ఆ ఇంట్లో దాని మాటకి తిరుగులేదు.

"చంటికి ఇంకా అనుభవం చాలదు," అంది పెట్టె, తేనెలొలికే గొంతుతో. "కొంతకాలం ఓపిక పట్టడం మంచిది."

"కత్తెర పట్టనివ్వకపోతే అనుభవం ఎక్కణ్ణుంచి ఊడిపడుతుంది? పోయినసారీ ఇదే పాట పాడావు. అసలు నువ్వెవరి పక్షం?"

"నన్ను ఇక్కడ పెట్టించినవారి పక్షం."

"ఎవరు వాళ్ళు?"

"మీ అమ్మమ్మగారు."

తాతమ్మ కొలతల టేపు చుట్టుకుంటూ తల వంచుకుంది. చంటికి ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. ఇన్నాళ్ళూ న్యాయమైన తీర్పనుకుని తలొగ్గింది అమ్మమ్మ మాటకేనన్నమాట! కత్తిరించిన ముక్కలు మడిచి చంకన పెట్టుకుంది.

"గడప దాటావంటే మళ్ళీ రానివ్వను!" అమ్మమ్మ వేలు చూపించింది.

"రాను. పక్కవీధిలో గది మాట్లాడుకున్నా. ఈ కోటు అక్కడే కుడతా."

"నిన్నగాక మొన్న పుట్టినదానివి, లోకం తెలీదే నీకు!" అమ్మ కళ్ళొత్తుకుంది.

"మీరు తెలియనిస్తేగా!"

చంటి కత్తెరని ఠక్కున బల్ల మీద పెట్టింది. "ఇది నువ్వే ఉంచుకో అమ్మమ్మా. నాది నేను కొనుక్కున్నా."

తలెత్తుకుని, వెనక్కి చూడకుండా వీధిలోకి నడిచింది.

మొన్ననే చంటికి తొంభై మూడేళ్ళు నిండాయి.