మూడు మిల్లీమీటర్లు

“ఇంకొంచెం లోతుగా కొయ్యవయ్యా. గాడి మూడు మిల్లీమీటర్లు లేకపోతే వాళ్ళు ఒప్పుకోరు,” అన్నాడు భర్త.

టైర్ల షాపతను ఎర్రగా కాలిన బ్లేడుని అరిగిపోయిన టైరు మీద ఆనించి లాగాడు. రబ్బరు సన్నటి నల్లటి తాడులా ఊడివచ్చింది. ఆ కమురు వాసనకి ఆమె ముక్కుకి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

“ఇంకా లోతంటే లోపలి దారాలు బయటపడతాయి సార్. ఇప్పటికే గాడి కింద రబ్బరు ఉల్లిపొరంత మిగిలింది. లీజు కంపెనీ యార్డు దాకా మెల్లగా తోలుకెళ్ళండి. స్పీడు మాత్రం ఎక్కించకండి.”

“పదే కిలోమీటర్లు. పసిపిల్లని నడిపించినట్టు తీసుకెళ్తాలే.”

మూడేళ్ళ లీజు ఆ రోజుతో ఆఖరు. మధ్యాహ్నం పన్నెండు లోపల కారు తిరిగి అప్పగించాలి. అరిగిన టైర్లతో అప్పగిస్తే నాలుగు కొత్త టైర్ల ఖరీదు డిపాజిట్‌లో కోసుకుంటారు. పోయిన నెలే భర్త ఉద్యోగం పోయింది. ఆ డిపాజిట్ మొత్తంగా చేతికొస్తే తప్ప వాళ్ళకి ఇంటి అద్దె గడవదు.

“టైర్లు అరిగితే ఖర్చు వాళ్ళే పెట్టుకునేట్టు నెలనెలా కాస్త కట్టి టైర్ల కవర్ తీసుకోమని ఆ షోరూం పిల్ల చిలక్కి చెప్పినట్టు చెప్పింది. విన్నారా?” అంది ఆమె.

“గీతలు పడితే కవర్, అద్దం పగిలితే కవర్, తాళంచెవి పోతే కవర్ అని కూడా చెప్పింది. అన్నీ తీసుకునుంటే కారుకన్నా కవర్లే బరువయ్యేవి.”

“కిలోమీటర్లు హద్దు దాటతాయని రెండు నెలలుగా కారుని ఇంటిముందు పెట్టి బస్సెక్కారు. ఆ తెలివి టైర్ల దగ్గర ఏమైందో!”

“దెప్పడానికి ఇంకో ముహూర్తం చూసుకో.”

ఆమె గొంతు తగ్గించింది. “అది కాదండీ. రేపు ఈ కారు ఇంకొకళ్ళకి ఇస్తారుగా. వాళ్ళ సంగతో?”

“పిచ్చిదానా, అంత పెద్ద కంపెనీ టైర్లు మార్చకుండా ఇస్తుందా? మన దగ్గర గుంజడానికేగా ఈ కొలతలన్నీ!”

ఆ మాట ఆమెకి ఊరటగా అనిపించింది. నమ్మాలని ముందే అనుకుంటే, నమ్మడానికి ఎంతసేపు! షాపతను కొత్త గాడులకి నల్ల పాలిష్ పట్టించాడు. నాలుగు టైర్లూ నిన్న కొన్నట్టు నిగనిగలాడాయి.

యార్డులో కారు చూసేందుకు వచ్చినాయన కళ్ళజోడు నుదుటి మీదకి తోసుకుని ముందు కిలోమీటర్లు చూశాడు.

“అరవై వేలకి నలభై తక్కువ! భలే లెక్కగా వాడారు సార్.”

“ఆ నలభైకి వెనక్కేమైనా ఇస్తారా?”

“దాటితే మీ ఖర్చు, మిగిల్తే మా ఆస్తి.”

తన హాస్యానికి తనే నవ్వుకుని ఆయన మోకాళ్ళ మీద కూర్చున్నాడు. పుల్లంత కొలబద్దని గాడిలోకి దించాడు. ఒకటో టైరు, రెండోది, మూడోది, నాలుగోది. మోకాలు పట్టుకుని లేస్తూ కాగితం మీద టిక్కు పెట్టాడు.

“భేషుగ్గా ఉన్నాయి. వీటిని మార్చే పనే లేదు. శుభ్రంగా కడిగితే సాయంత్రానికి ఇంకొకరికి ఇచ్చెయ్యొచ్చు.”

ఆమె చటుక్కున తలెత్తింది. భర్త వైపు చూసింది. ఆయన కాగితం వైపే చూస్తున్నాడు.

“ఏవండీ, ఆ టైర్లు...” అంది ఆమె, కళ్ళజోడాయనతో.

భర్త బూటుకాలు వచ్చి ఆమె పాదం మీద పడింది.

“ఏంటమ్మా?” అన్నాడాయన.

“... ఇక్కడ మంచినీళ్ళెక్కడుంటాయి?”

తిరిగొచ్చేటప్పుడు బస్సులో భర్త ఆమె చెవి దగ్గరకి వంగి, “నోరు జారావనుకున్నా. బతికించావు,” అన్నాడు. ఆమె కిటికీ వైపు జరిగింది. ఇంటికొచ్చి సబ్బుతో రెండుసార్లు చేతులు కడుక్కుంది. టైరుని ఆమె ముట్టుకోనైనా లేదు. అయినా వాసన పోలేదు.

సాయంత్రం కూతురు ఫోన్ చేసింది. పక్క ఊళ్ళో ఉద్యోగం ఆ పిల్లకి. వెనకాల గాలి హోరు.

“అమ్మా, నాన్న పక్కనే ఉన్నారా? నా పేరెత్తకు. నేను మనూరు వచ్చేశా!”

“ఎక్కడున్నావే? ఆ హోరేంటి?”

“బైపాస్ మీద. లీజుకి కారు తీసుకున్నానోచ్! ఊళ్ళో ట్రాఫిక్ ఎందుకని చుట్టూ తిరిగి వస్తున్నా. పావుగంటలో గుమ్మం ముందుంటా.”

పొద్దుటి నుంచి మొదటిసారిగా ఆమె మొహం విచ్చుకుంది. “ఎంత పని చేశావే! ఆ కవర్లూ అవీ అంటగట్టలేదు కదా?”

“ఒక్కటీ తీసుకోలేదు. నాన్న కూతుర్ని కాదూ!”

“ఇప్పుడు నీకు కారెందుకే?”

“నాకు కాదమ్మా, నాన్నకి. ఉద్యోగం కోసం ఈ వయసులో బస్సులు పట్టుకుని తిరుగుతుంటే చూడలేకపోయా. నెలనెలా నేను కడతాలే. ఆయనకి మాత్రం ఇప్పుడే చెప్పకు, మొహం ఎలా పెడతారో చూడాలి.”

“సరేలే తల్లీ. కొత్త బండి, చెయ్యి అలవాటు పడాలి. మెల్లగా రా.”

కూతురు పకపకా నవ్వింది.

“నూట ఇరవైలో వస్తున్నా, మంచం మీద పడుకున్నట్టుంది! అయినా దీన్ని కొత్త బండంటావేంటమ్మా, మధ్యాహ్నం మీరు అప్పగించొచ్చిందేగా!”