మోచేతి దాకా బుట్ట చేతులు

కొత్తొక వింత, పాతొక రోత అనేవాళ్ళు. ఇప్పుడు పాతే వింత. ఆ పిల్ల తన తల్లి పాత జాకెట్టు తెచ్చి నా కుట్టుమిషను మీద పరిచింది. బుట్ట చేతులు, అంచున లేసు, గాజు గుండీలు. పాతికేళ్ళ కిందట నేనే కుట్టాను.

"మళ్ళీ ఇదే ఫ్యాషన్ ఆంటీ. పాత ఫొటోల్లో అమ్మ ఎంత స్టైలుగా ఉంటుందో! అచ్చం ఇలాగే, మోచేతి దాకా కావాలి."

"బుట్ట చేతులు పొట్టిగా ఉంటేనే అందం. కొంచెం పైకి కుడతాను."

"వద్దు! అమ్మకు ఎంత పెట్టారో అంతే పెట్టండి."

"సరే, చెయ్యి చాపు," అంటూ టేపు తీశాను.

ఒక అడుగు వెనక్కి వేసింది. "ఆది జాకెట్టు ఇచ్చాను కదా, మళ్ళీ కొలతలెందుకు?"

నా చెయ్యి ఆగిపోయింది. పెళ్ళయిన కొత్తలో వాళ్ళమ్మా ఇక్కడే నిలబడి, ఇంకొంచెం కిందికి, ఇంకొంచెం కిందికి అంటూ చేతులు దింపించుకుంది. జబ్బల మీద కమిలిన వేలిముద్రలు కనబడనంత వరకూ దింపాను. ఒక్క మాట అడిగితే ఒట్టు. ఆ నెలంతా వీధిలో ఆడవాళ్ళు, అదేదో కొత్త ఫ్యాషన్ అనుకుని, నా గుమ్మం ముందు వరస కట్టారు.

ఈ పిల్లకు పెళ్ళయి మూడు నెలలు.

టేపు కింద పెట్టాను. "మీ ఆయన ఎన్నాళ్ళుగా కొడుతున్నాడమ్మా?"

ఆ పిల్ల ఉలిక్కిపడి, జాకెట్టు గబగబా మడత పెట్టేసింది.

"మీ దగ్గరికే వెళ్ళమంది అమ్మ. మీరైతే ఏమీ అడగరంది."