హాయిగా ఊపిరి తీసుకోండి

“ఆ జలపాతం తీసేయండి మేడమ్, మీకు పుణ్యముంటుంది. ప్రాణం పోతోంది!” అంది మహిమ.

కౌన్సెలర్ ఖుర్షిదా నాలిక్కరుచుకుంది. పిండాన్ని గర్భంలో పెట్టే ముందు పేషెంటు చేత కడుపు పట్టినన్ని నీళ్లు తాగిస్తారు. మూత్రాశయం నిండుగా ఉంటేనే స్కానింగులో డాక్టరమ్మకి దారి కనిపిస్తుంది. అలా బిగబట్టుకుని కూర్చున్న మనిషికి వీఆర్ కళ్లజోడు తగిలించి, హోరున దూకే నీళ్లు చూపించింది తను.

“సారీ అండీ, మారుస్తాను. సముద్రం పెట్టనా?”

“అవీ నీళ్లేగా?”

మంచుకొండలు పెట్టింది. ఈ ఏసీ చలి చాలకనా అంది మహిమ. తోట పెట్టింది. అది కాసేపు నడిచింది.

“ఈ మొక్కలకి ఆకుముడత వచ్చినట్టుందే!”

మహిమది చిలకలూరిపేట దగ్గర మిరప రైతుల కుటుంబం. బొమ్మలో తోటయినా సరే, ముందు తెగులే కనిపిస్తుంది కాబోలు. ఖుర్షిదాకి నవ్వు రాలేదు. ఒళ్లు మండింది.

గుంటూరులోని ఈ సంతాన సాఫల్య కేంద్రానికి ఆ కళ్లజోడు తెప్పించింది ఆమే. యాజమాన్యంతో పోరి పోరి కొనిపించింది. కళ్లకి చక్కటి దృశ్యం, చెవులకి స్పీకర్లోంచి హిప్నాసిస్ మాటలు. అత్తగారి సూటిపోటి మాటలకి నలిగిపోయి వచ్చినవాళ్లు కూడా కాసేపటికి మెత్తబడిపోయేవారు. ఒకావిడైతే గుర్రు పెట్టింది. ఈ మహిమ మాత్రం వింటున్నకొద్దీ కొయ్యబారిపోతోంది. పిడికిళ్లు విప్పదు. పళ్లు నూరుతోంది.

ఫోన్ మోగింది. థియేటర్లోంచి డాక్టరమ్మ.

“పిండం సిద్ధంగా ఉంది. ఆవిడ ఇంకా బిగుసుకునే ఉందా? అలా ఉంటే ట్యూబు వెళ్లడం కష్టం. ఇదొక్కటే మిగిలింది, గుర్తుందిగా?”

గుర్తులేకేం. వేరే ఆసుపత్రిలో రెండుసార్లు పోగొట్టుకుని వచ్చారు మొగుడూ పెళ్లాలు. మళ్లీ అండాలు తీసే ఆశ లేదని డాక్టరమ్మ ముందే చెప్పేసింది. ఇది కూడా పోతే ఇక ఇంటికే.

ఖుర్షిదా మళ్లీ మొదట్నుంచి పెట్టింది. స్పీకర్లో ఆడగొంతు మెల్లగా సాగింది.

“భుజాలు వదులుగా వదిలేయండి. హాయిగా ఊపిరి తీసుకోండి. మీ శరీరానికి అన్నీ తెలుసు. దాన్ని నమ్మండి...”

కళ్లజోడు కింద మహిమ పెదాలు కదులుతున్నాయి. మెళ్లో సిలువ ఉంది. ప్రార్థన చేసుకుంటోందిలే, మంచిదే అనుకుంది ఖుర్షిదా.

“ఆ గొంతు ఆపేయండి మేడమ్.”

“అసలు పనంతా చేసేది ఆ గొంతేనండీ. బొమ్మ ఉత్త తోడు.”

“ఆమె కాగితం చూసి చదువుతోంది. ఒక్క మాట మీద కూడా నమ్మకం లేదు ఆమెకి. మీకు వినిపించట్లేదా?”

మహిమ గొంతు బొంగురుగా ఉంది. మిర్చి సీజను, యార్డు మీదుగా వచ్చారు. పొద్దుట్నుంచి ఒకటే దగ్గు. దానికి తోడు ఈ మొండితనం. ఖుర్షిదా విసురుగా తలుపు తీసి, బయట కూర్చున్న భర్తని పిలిచింది.

“జయపాల్ గారూ, మీరైనా చెప్పండి!”

జయపాల్ వాటర్ బాటిల్ పట్టుకుని భయంభయంగా లోపలికి వచ్చాడు.

“మహీ, అందరికీ పనిచేస్తోందంటగా. నీకెందుకు చేయదు?”

మహిమ కళ్లజోడు పైకెత్తి అతన్ని ఉరిమి చూసింది.

“ఏంటి? అందరితోపాటు నన్నూ నమ్మమంటావా, నువ్వు కూడా?”

అతను ఏదో చెప్పబోయాడు. ఆమె చూపుకి ఆగిపోయాడు.

“ముందు ఆ బాటిల్ నా కళ్లముందునుంచి తీసుకెళ్లు!”

తీసుకెళ్లిపోయాడు. మళ్లీ ఫోన్ మోగింది. ఈసారి డాక్టరమ్మ అరిచింది. ఇంకో ఐదు నిమిషాల్లో ఎలా ఉంటే అలా తీసుకొచ్చేయమంది.

దాంతో ఖుర్షిదా ఓపిక చచ్చిపోయింది. పేషెంటు ముందు గొంతు పెంచకూడదని తనే నర్సులకి చెబుతుంటుంది. ఇప్పుడు తనే పెంచింది.

“నేనింకేం చేయనండీ? మీ కోసమేగా ఇంత తాపత్రయం! ఇదే గొంతు విని వెళ్లినవాళ్లు చంకలో బిడ్డల్నేసుకుని మళ్లీ వస్తున్నారు. ఆవిడెవరో చూపించండి, కాళ్లకి దండం పెట్టుకుంటాం అంటున్నారు. ఎక్కణ్ణుంచి చూపించను? కంపెనీ వాళ్లు మిషన్‌తోపాటు పంపిన రికార్డింగది. కానీ ఒకటి మాత్రం చెప్పగలను. ఆవిడ నలుగురు పిల్లల్ని కని, పెంచిన మనిషి. తల్లయిన మనిషికి తప్ప ఆ చల్లదనం రాదు. అలాంటావిడకి నమ్మకం లేదంటారా? అసలు ఆవిడ గురించి మీకేం తెలుసని?”

మహిమ కళ్లజోడు తీసి ఒళ్లో పెట్టుకుంది. బుగ్గల మీద దాని అచ్చు ఎర్రగా పడి ఉంది. కోపం పోయినట్టుంది, ముఖంలో అలసట మాత్రం మిగిలింది. స్పీకర్లో ఆ గొంతు ఇంకా నమ్మమంటూనే ఉంది. మహిమ చెయ్యి చాచి దాన్ని ఆపేసింది. గొంతు సవరించుకుని, మెల్లగా అంది.

“మొదటిసారి నాకు నిలవలేదని తెలిసిన రోజు మధ్యాహ్నం, స్టూడియోలో కూర్చుని ఆ మాటలన్నీ చదివింది నేనే మేడమ్.”