ఊ కొట్టిన గొంతు

'వ్యక్తులు' అన్న గడి దగ్గర ఆమె వేళ్లు మళ్లీ ఆగిపోయాయి.

మొదటి గొంతు కథల బామ్మది. అందులో సందేహం లేదు.

రెండో గొంతుకే పేరు లేదు.

పాత రేడియో రికార్డింగులు దాచే ఆ ఆఫీసులో, ప్రతి రికార్డింగుకూ జాతకం రాయడం ఆమె పని. ఎవరిది, ఎప్పటిది, దేని గురించి, ఏ మాట కొట్టి వెతికితే దొరకాలి, అన్నీ గడుల్లో నింపాలి. కాగితాల మీద దాన్ని మెటాడేటా అంటారు. తోటివాళ్లు మాత్రం ఆమెను జాతకాలమ్మ అంటారు.

"వివరం రాయని ఫైలూ, పేరు పెట్టని బిడ్డా ఒకటే. ఏమని పిలుస్తాం?" అని ఆఫీసరు రోజూ అనేవాడు.

ఈరోజు ఆ మాటే ఆమె మెడకు చుట్టుకుంది.

"సార్, ఈ 'ఊఁ' ఒక్కటీ ఉంచేద్దాం సార్. బామ్మ ప్రతి కథలోనూ ఉంది."

"ఎవరిది?"

"తెలీదు సార్."

"మాట కాదు, పాట కాదు, మనిషెవరో తెలీదు. అది చప్పుడేనమ్మా. సాయంత్రంలోగా పేరు రాస్తే ఉంచుదాం. లేదంటే తీసెయ్యి."

తీసేస్తే ఇక తిరిగి రాదు. అసలు టేపులు బూజు పట్టి ఎప్పుడో చెత్తలోకి పోయాయి.

ఆమె చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుంది.

"అనగనగా ఒక పడవ..."

"ఊఁ."

"ఆ పడవకు తెడ్డు లేదు..."

"ఊఁ."

అమ్మ డ్యూటీ నుంచి వచ్చేదాకా, చిన్నప్పుడు ఆమెకు ఆ రేడియోనే దిక్కు. ఊ కొట్టకపోతే కథ ఆగిపోతుందని ఏ పిల్లనడిగినా చెబుతుంది. ఆమెకేమో బామ్మ పడవ ఎక్కగానే కళ్లు మూతలు పడేవి. అయినా కథ ఆగేది కాదు. లోపలెవరో పాప ఆమె వంతు ఊ కూడా కొట్టేసేది. పడవ కదిలేది, దాంతోపాటు మంచమూ మెల్లగా తేలుతూ పోయేది.

తోబుట్టువులు లేని పిల్లకు ఆ పాపే తోబుట్టువు. ఆ గొంతును తన చేత్తో తుడిచేయాలంటే ఆమెకు ప్రాణం ఒప్పలేదు.

వెంటనే రేడియోలో పనిచేసిన పాత అనౌన్సరుకు ఫోన్ చేసింది.

"బాబాయిగారూ, బామ్మ దగ్గర ఊ కొట్టిన పాప ఎవరండీ?"

"అప్పట్లో నేను వేరే డ్యూటీలో ఉండేవాణ్ణి తల్లీ. వాళ్లనీ వీళ్లనీ అడిగి చెబుతాను. ఇంత హడావిడైతే ఎలా?"

మధ్యాహ్నమైనా ఆయన దగ్గరనుంచి కబురు లేదు. ఆమెకు కాలుగాలిన పిల్లిలా ఉంది.

సరిగ్గా అప్పుడే వచ్చాడొక మనిషి. నడివయసు, భారీ శరీరం, చొక్కా మీద గ్రీజు మరకలు. తలుపు దగ్గర నిలబడి లోపలికి రావాలా వద్దా అన్నట్టు చూస్తున్నాడు.

"ఏం కావాలండీ?"

"కథల బామ్మ కథ... ఒక్కటి వినొచ్చామ్మా? విన్నాక మీకో మాట చెబుతాను."

"త్వరగా వినండి. నాకు పనుంది."

ఇంకా శుభ్రం చేయని పడవ కథే అతనికి పెట్టింది.

ఎండ కిటికీలోంచి వచ్చి అరల మీద బద్ధకంగా వాలింది. ఫ్యాను ఒకటే జోల పాడుతోంది. కాసేపటికి చూస్తే ఆ మనిషి కళ్లు మూసుకుని ఉన్నాడు. ఆమెకు ఒళ్లు మండింది. తట్టి లేపింది.

"నిద్రొస్తే ఇంటికెళ్లి పడుకోవచ్చు కదండీ!"

అతను హెడ్‌ఫోన్లు తీశాడు. కళ్లు చెమ్మగా ఉన్నాయి.

"నిద్ర కాదమ్మా. ఈ కథల్లో నేనెప్పుడూ నిద్రపోలేదు."

ఆమె అప్పటికే కంప్యూటరు వైపు తిరిగిపోయింది.

"ఇవి అందరూ వినేలా పెడతారామ్మా?"

"పెడతాం. శుభ్రం చేశాక."

"శుభ్రమంటే?"

"అక్కర్లేనివి తీసేస్తాం. దగ్గులు, కుర్చీ కిర్రుమనడం, మధ్యలో పిల్లలెవరో ఊ అనడం, అలాంటివి."

ఆఫీసరు మాటే చెప్పింది. చెబుతుంటే ఆమె గొంతే ఆమెకు చేదుగా తగిలింది.

అతను చేతిలోని హెడ్‌ఫోన్ల వైపు చూశాడు.

"అంతేలే. బామ్మ కథకు అవన్నీ ఎందుకు" అని లేచాడు.

"ఏదో చెబుతానన్నారు?"

"ఏం లేదమ్మా. విన్నాను, చాలు."

హెడ్‌ఫోన్ల వైరును జాగ్రత్తగా చుట్టి బల్ల మీద పెట్టి, చప్పుడు కాకుండా తలుపు వేసుకుని వెళ్లిపోయాడు.

సాయంత్రమైంది. ఆఫీసరు వచ్చి వెనక నిలబడ్డాడు.

"పేరు దొరికిందా?"

ఆమె తల అడ్డంగా ఊపింది. రెండో గొంతు దగ్గర 'అనవసర శబ్దం' అని రాసి, కళ్లు మూసుకుని మీట నొక్కింది.

మరోసారి విన్నది.

"అనగనగా ఒక పడవ..."

ఏమీ లేదు.

"ఆ పడవకు తెడ్డు లేదు..."

ఎవరూ వినని కథను బామ్మ ఒక్కతే ఖాళీ గదిలో చెప్పుకుంటున్నట్టుంది. ఆమెకు ఏడుపు ఆగలేదు.

ఫోన్ మోగింది. అనౌన్సరు బాబాయి.

"దొరికాడు తల్లీ! పాప కాదట, బాబు, బామ్మ మనవడే. ఎదురుగా వాడు కూర్చుని ఊ అంటేగానీ ఆవిడకు నోట మాట వచ్చేది కాదట."

"బాబాయిగారూ..."

"'పేరు నేనే వెళ్లి చెబుతాను, ముందు మా బామ్మ కథ ఒక్కటి వింటాను' అని మధ్యాహ్నమే షెడ్డులో పని ఆపేసి బయలుదేరాడు, అందుకే నేను ఫోన్ చెయ్యలేదు. ఇంకా రాలేదా?"