కదలని చుక్క

నీలం చుక్క కదలడం మానేసి నలభై నిమిషాలైంది.

దైవాశీర్వాదం ఫోన్‌ని ముక్కుకి ఆనేంత దగ్గరగా పెట్టుకుని చూస్తున్నాడు. తెర మీద ఒకపక్క నది, ఒకపక్క అడవి. మధ్యలో చుక్క. ఆ చుక్కే అతని కూతురు షెరిన్. ఫ్రాన్స్‌లో, డోర్డోన్ నది వెంట, అద్దె సైకిల్ మీద, ఒంటరిగా.

ఇక్కడ అమెరికాలో, ఇర్వింగ్‌లో ఉదయం ఏడు. అక్కడ మధ్యాహ్నం రెండు.

"ఇంకోసారి చేసి చూడనా?" అన్నాడు భార్యతో.

"ఇప్పటికి పదకొండుసార్లు చేశారు. చూసుకుంటే అదే చేస్తుంది," అంది లూసీ. పైకి అలా అంది గానీ, ఆవిడ చేతిలో రుమాలు నలిగి తాడైపోయింది.

అసలు ఈ ప్రయాణమే అతనికి మింగుడు పడలేదు. ఎనిమిదో తరగతి మానేసి, నర్సాపురంలో సైకిల్‌కి చేపల బుట్ట కట్టుకుని కాలవగట్టు వెంట ఊరూరా తిరిగిన మనిషి అతను. తొమ్మిదేళ్లు తొక్కాడు. దాన్ని ఎవడూ టూరనలేదు. అక్క పిలిపిస్తే అమెరికా వచ్చి, పదిహేనేళ్లుగా ఇండియన్ గ్రోసరీలో మటన్ కొడుతున్నాడు. ఇప్పుడు కూతురు విమానమెక్కి మరీ సైకిల్ తొక్కడానికి వెళ్లింది.

"ఏటిపక్కన సైకిల్ తొక్కడానికి సముద్రాలు దాటాలా?" అన్నాడు బయల్దేరేటప్పుడు.

"నువ్వు తొక్కావుగా డాడీ. నేను కూడా తొక్కుతా," అని నవ్వింది షెరిన్.

తోడు వస్తానన్న స్నేహితురాలు రియా ఆఖరి నిమిషంలో మానేసింది. షెరిన్ మానలేదు. మ్యాప్ మీద మనిషి జాడ చూపించే యాప్ ఫోన్‌లో పెట్టుకుంటేనే గడప దాటనిస్తానని అతను పట్టుబట్టాడు. పెట్టుకుంది, అతని ఫోన్‌లోనూ పెట్టింది. ఆరు రోజులు చుక్క బుద్ధిగా కదిలింది. ఇవాళే ఆగింది.

"ఏట్లో పడిందేమోనే."

"ఆ మాట అనకండి!"

"గట్టు మీద చక్రం జారితే ఎలా ఉంటుందో నాకు తెలుసు లూసీ. వానాకాలంలో రెండుసార్లు కాలవలో పడ్డాను. నేను అమ్మాల్సిన చేపలు పోయి చేపల్లోనే కలిశాయి."

"మీరు బతికే వచ్చారుగా."

"నాకు ఈతొచ్చు. దీనికి తెలిసిందల్లా అపార్ట్‌మెంట్ పూల్‌లో నడుంలోతు నీళ్లు."

లేవబోయాడు. లూసీ భుజం మీద చెయ్యేసి వెనక్కి నొక్కింది. కిటికీలోంచి, ఎక్కడో కింద, హైవే మీద కార్లు పాకుతున్నాయి. లోకంలో అందరూ కదులుతున్నారు, తన కూతురు తప్ప.

"గుక్కెడు కాఫీ ఉంటే బుర్ర పనిచేస్తుంది."

"ఇవాళ కాఫీ మాటెత్తకండి. ఏడున్నరకి వాళ్లొస్తారు. ఫోన్ నాకిచ్చేస్తానని మాటిచ్చారు."

"దాని గొంతు వినకుండా నేనెక్కడికీ రాను. వాళ్లు కాదు, వాళ్ల బాబొచ్చినా సరే."

"పాస్టరు గారికి చెప్పనా? ప్రార్థన పెడతారు."

"ప్రార్థన తర్వాత. ముందు ఆ హోటలావిడ నంబరు తియ్యి."

షెరిన్ దిగిన ఆ చిన్న హోటల్ నంబరు లూసీ హ్యాండ్‌బ్యాగులో ఉంది. మూడో రింగుకి ఒక ముసలి గొంతు పలికింది.

"మై డాటర్. షెరిన్. సైకిల్. రివర్. నో మూవ్," అన్నాడు తన మటన్ కౌంటర్ ఇంగ్లీషులో.

అవతలావిడకీ అంతకంటే ఎక్కువ రాదు. "బైసికిల్, హియర్," అంది. "గర్ల్, నో."

"వేర్ గర్ల్?"

"గో. వెరీ ఫాస్ట్. క్రై."

లైను తెగిపోయింది.

సైకిల్ హోటల్ దగ్గరే ఉంది. పిల్ల ఏడుస్తూ వెళ్లింది. చుక్క ఏటి ఒడ్డున ఆగింది.

"ఎందుకేడ్చింది? ఎవరేం చేశారు దాన్ని?" అంది లూసీ.

అతనికి నిన్నటి ఫోన్ గుర్తొచ్చింది. నిన్న షెరిన్ ఫోన్ చేసింది. వీడియో ఆన్ చెయ్యమంది. షాపులో సిగ్నల్ రాదన్నాడు. "బానే ఉన్నావా డాడీ?" అని అడిగింది. మళ్లీ అడిగింది. "నాకేం రోగం? నీ సైకిల్ నువ్వు చూసుకో," అని కసిరి పెట్టేశాడు. కూతురితో తన ఆఖరి మాట అదేనేమో.

ఏడూ ఇరవై ఎనిమిది. తలుపు మీద తట్టారు.

"వచ్చేశారండీ," అంది లూసీ, ఫోన్ కోసం చెయ్యి చాపుతూ.

"టూ మినిట్స్!" అని తలుపు వైపు అరిచాడు. "ఇవ్వనే. ఏం చేసుకుంటారో చేసుకోమను."

అప్పుడు మోగింది ఫోన్. షెరిన్.

"ఎక్కడ చచ్చావే? ఎందుకెత్తవు?" అరుస్తూనే ఏడ్చేశాడు.

"ఎయిర్‌లైన్ వాళ్లు హోల్డ్‌లో పెట్టారు డాడీ, గంట పైనే అయింది. కట్ చేస్తే లైన్ పోతుందని ఎత్తలేదు. రివర్ పక్కన స్టేషన్‌లో ఉన్నా. ట్రైన్ వస్తోంది."

"ట్రైనేంటే? ఇంకా నాలుగు రోజులుందిగా నీ టూరు! ఎవడేమన్నాడో చెప్పు ముందు."

"ఎవరూ ఏమీ అనలేదు. నేను ఇంటికి వచ్చేస్తున్నా."

"ఎందుకు?"

అవతల రైలు చప్పుడు దగ్గరైంది. ఆ చప్పుడులోంచి షెరిన్ గొంతు వినిపించింది.

"నా చుక్క సంగతి సరే డాడీ, నీ చుక్క మొన్నట్నుంచి హార్ట్ హాస్పిటల్ మీదే ఎందుకుంది?"