ఇంకో తీరుగ చెప్పు

“దాచినవా అమ్మా?”

“దాచిన బిడ్డా.”

“మరి ఏదీ? పేజీ తెల్లగనే ఉన్నది.”

“దాచినంక కనిపిస్తదా? కనిపిస్తే అది దాచుడెట్లయితది?”

వేణు నుదురు పట్టుకున్నాడు. సేవ్ అన్న మాట తల్లికి కొత్తగా ఉంటుందని, దాచడం అని చెప్పింది తనే. ఇప్పుడు ఆ మాటే మెడకు చుట్టుకుంది.

సక్కుబాయి కుర్చీలో కాళ్లు పైకి మడుచుకుని, ల్యాప్‌టాప్ ముందు నిమ్మళంగా కూర్చుంది. మీటల మీద కోడలు ప్రశాంతి తెలుగు అక్షరాల స్టిక్కర్లు అతికించింది. భర్త ఐలయ్య పోయాక, ఖాజాగూడలో ఆడవాళ్ల కోసం పెట్టిన సాయంత్రం బడికి వెళ్లి సక్కుబాయి చదవడం, రాయడం నేర్చుకుంది. ఇప్పుడు కంప్యూటర్ మీద కూడా రాస్తానని పట్టుబట్టింది. నేర్పడానికి వేణుకు కావలసినంత తీరిక. అతను పనిచేసే ప్రాజెక్టు మూతపడి, ఉద్యోగం పోయింది.

తీరిక ఉంది కానీ మనసు కుదురుగా లేదు. రాత పరీక్షలు దాటుతున్నాడు. ఎదురుగా మనిషి కూర్చుని “కాస్త వివరించండి” అనగానే చెప్పిందే మళ్లీ చెబుతున్నాడు. చూపు బల్ల మీదికి దిగిపోతోంది. మాదాపూర్‌లో ఇంకొక్క ఇంటర్వ్యూ మిగిలింది. అదీ పోతే ఇక ఏ కంపెనీ గడపా తొక్కనని భోజనాల దగ్గర, తల్లి వడ్డిస్తుండగా, ప్రశాంతికి తేల్చి చెప్పాడు.

“మళ్ల చూడు అమ్మా. మూసేటప్పుడు, దాచాల్నా వద్దా అని ఇది అడుగుతది. తెర మీద మొదటి మీట నొక్కితే రాసింది ఉంటది. రెండోది నొక్కితే పోతది.”

సక్కుబాయి రెండోది నొక్కింది. చెరువు మీద గాలి గురించి అంతసేపు కూడబలుక్కుని రాసిన వాక్యం మాయమైంది.

“అమ్మా!”

“నువ్వు డబ్బ దిక్కు చూసుకుంట చెప్తున్నవు. నాకేం తెలుస్తది? నా మొఖం చూసి చెప్పు.”

వేణు కుర్చీ ఆమె వైపు తిప్పుకున్నాడు.

“పచ్చడి కలిపి గిన్నెల్నే ఉంచితే ఏమైతది? ఖరాబైతది. జాడీల పెట్టాలె. సేవ్ అంటే గట్ల జాడీల పెట్టుడు.”

“మరి గిన్నె ఎవరు కడుగుతరు?”

పక్క గదిలో ప్రశాంతి నవ్వు ఆపుకోలేకపోయింది.

మర్నాడు ఫైలుకు పేరు పెట్టడం దగ్గర పేచీ వచ్చింది.

“పేరెందుకు?”

“ఏ డబ్బల ఏమున్నదో తెల్వద్దా?”

“నా వంటింట్ల డబ్బలకు పేర్లున్నయా? ఊపితే తెలుస్తది.”

“కంప్యూటర్‌ను ఊపుతవా అమ్మా?”

“నాకు సమజైతలేదు. ఇంకో తీరుగ చెప్పు.”

ఇంకో తీరుగా చెప్పాడు. ఆటోలో సంచి మరిచిపోతే, ఆటో నంబరు తెలిస్తే దొరుకుతుంది, ఫైలు పేరు ఆ నంబరు లాంటిది అన్నాడు. తాను సంచి ఎన్నడూ మరిచిపోలేదని ఆమె అంది. బడిలో పిల్లల హాజరు తీసుకోవడంతో పోల్చాడు. తమ బడిలో అందరూ అమ్మమ్మలే, పేరు పెట్టి పిలిస్తే ఊరుకోరని అంది. అలా ప్రతి మాటకూ అడ్డు పడేది, చివరికి వెళ్లి రెండో మీటే నొక్కేది. మొదట్లో వేణుకు చిరాకేసింది. తర్వాత పంతం వచ్చింది. స్నానం చేస్తున్నా, కూరగాయలకు వెళ్తున్నా, ఈమెకు ఇది ఎలా చెప్పాలన్నదే ఆలోచన.

ప్రశాంతి ఆఫీసు నుంచి వస్తూనే అడిగేది. “ఏం పంతులూ, నీ స్టూడెంటు ఇయ్యాలన్న పాసైందా?”

“ఈ జన్మల కాదు.”

“మీ నాయిన గూడ గట్లనే అన్నడు, నాకు ఓనమాలు రావని,” అంది సక్కుబాయి.

ఇంటర్వ్యూకు వెళ్లిన రోజు వేణు మధ్యాహ్నానికల్లా తిరిగొచ్చాడు. బూట్లు విప్పకుండానే వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు.

“అమ్మా, వచ్చింది!”

“ఏంది, వాననా? బట్టలు ఆరేసిన!”

“జాబ్ వచ్చింది!”

సక్కుబాయి గరిటె కింద పెట్టింది.

“పాత ప్రాజెక్టు గురించి చెప్పమన్నది మేడం. చెప్పిన. అర్థం కాలేదన్నది. ఇంకో తీరుగ చెప్పిన. మళ్ల అడ్డం అడిగింది. మళ్ల చెప్పిన. నీతోని పడ్డదాని ముందు ఆమెదెంత! కస్టమర్లకు ట్రైనింగ్ ఇచ్చే టీంల ఏసుకుంటమన్నరు.”

“మొఖం చూసే చెప్పినవా?”

“చూసే చెప్పిన.”

“మంచిగైంది. బూట్లిప్పు, ఇల్లు ఊడ్చిన,” అని ఆమె మళ్లీ పొయ్యి వైపు తిరిగింది.

చేరాల్సిన రోజు పొద్దున, వేణు బ్యాగు తగిలించుకుంటూ ఆగాడు. “ఇగ నీకు నేర్పెటోడు లేడు. ఫికర్ పడకు. నువ్వు రాసుకో. మూసే ముందు ప్రశాంతిని పిలువు, దాచిపెడ్తది.”

“సరె బిడ్డా. పైలం.”

ప్రశాంతికి ఆ రోజు ఇంటి నుంచే పని. మీటింగ్ ముగించుకుని వచ్చేసరికి అత్తగారు ఒక్కో మీటా వెతుక్కుంటూ రాస్తోంది. తెల్లని పేజీ మీద ఒకే వాక్యం. ‘మా వేణు ఇయ్యాల పనికి పోయిండు.’ సక్కుబాయి దాన్ని పైకి చదివింది. చదివి, మళ్లీ చదివింది.

ప్రశాంతి కళ్లు చెమ్మగిల్లాయి. వంగి మౌస్ అందుకోబోయింది.

“ఉండు అత్తమ్మా, ఏం నొక్కకు. ఇది పోవద్దు. నేను దాచిపెడ్త.”

సక్కుబాయి ఆమె చేయి పట్టుకుని మెల్లగా పక్కకు జరిపింది.

“దాచుడు నాకు మొదటి దినమే వచ్చింది బిడ్డా.”